నల్లరాతి దేశమున తొమ్మిది దినములు

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున, ధ్రువవృత్తమునకు కొంచెము దిగువగా, ఐస్లాండు అను ద్వీపము కలదు. దాని వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య నాలుగు లక్షల ప్రాంతము. అనగా ఆ దేశమందలి జనులందఱును కలిసినను మన షోలాపూరు నగర జనులలో సగమునకు చాలరు. ఆ దేశమును మోటారుబండిలో చుట్టివచ్చు అవకాశము గత జూన్ నెలలో మాకు లభించినది. బండి నడిపినవాడు మా కుమారుడు. మేము దంపతులము వెనుక కూర్చుండి చూచినవారము. అట్లు చూచినదానిలో కొంత మన పాఠశాల తల్లిదండ్రులతో చెప్పుకొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

విమానము దిగి రాజధాని రేక్యవీక్ నగరమునకు పోవు దారిలో మాకు మొదట కలిగినది దిగులే. చూపు సాగినంత దూరము నల్లని రాళ్ళ గుట్టలు, వానిపై నాచు, పైన మబ్బు. చెట్టన్నది అరుదు. ఈ నేలపై మనుష్యులు ఎట్లు బ్రదుకుచున్నారని అనుకొంటిమి. త్రోవలో దిగి ఒక రాతిని తాకి చూడగా దిగులు తగ్గి ఆశ్చర్యము కలిగినది. అది మనమెఱిగిన రాయియే! మన కోటగోడలలోను పాతయిండ్ల గోడలలోను కనబడు నల్లరాతికి అది చుట్టము. రెండును భూగర్భమునుండి కరగి పొంగి, చల్లారి గట్టిపడినవే. భేదమెల్ల వయస్సులోనిది. మన దక్కను రాయి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటిది. అచ్చటి రాయి యింకను పుట్టుచునే యున్నది. 2021వ సంవత్సరము మార్చి నెలనుండి ఆ విమానాశ్రయమున్న ద్వీపకల్పముననే పలుమారులు నేల పగిలి లావా వెడలినది. 2023 నవంబరులో గ్రిండవీక్ అను రేవుపట్టణపు జనులను రాత్రికి రాత్రి ఖాళీ చేయించవలసి వచ్చినది.

దీనికి కారణమేమి? భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా చీలి యున్నది. అందు అమెరికా పలకయు ఐరోపా పలకయు ఐస్లాండు నడుమ విడిపోవుచున్నవి. ఏడాదికి రెండు సెంటీమీటర్లు మాత్రమే ఈ యెడబాటు. ఆ సందులోనుండి లోపలి ద్రవము పైకి వచ్చును. థింగ్‌వెట్లిర్ అను చోట ఈ చీలిక లోయగా కనబడుచున్నది. క్రీ.శ. 930లో ఆ దేశపు పెద్దలు తమ సభను మొదట కూర్చినది ఆ రాతిగోడల దాపుననే. 1944 జూన్ 17న స్వతంత్ర గణరాజ్యమును ప్రకటించినదియు అచ్చటనే.

ఇక మార్గపు ముచ్చట. దేశమును చుట్టివచ్చు రాజమార్గము 1,300 కిలోమీటర్లకు పైబడినది. అది పూర్తియైనది 1974లో. దక్షిణమున హిమనదములనుండి దిగివచ్చు ఏరులు ఇసుకమేటలపై నేడొక త్రోవను, రేపొక త్రోవను పాఱును. వానిపై వంతెన నిలుపుట కష్టము గనుక ఆ భాగము కడపట పూర్తియైనది. కట్టిన పిదపయైనను భయము తీఱలేదు. 1996లో వత్నయోకుల్ అను మహాహిమరాశి క్రింద అగ్నిపర్వతము ప్రేలగా, కరగిన నీరు ఒక్కపెట్టున వెడలి వంతెనలను కొట్టుకొనిపోయినది. మెలిదిరిగిన ఇనుపదూలములను బాటప్రక్కనే జ్ఞాపకార్థము నిలిపియున్నారు. మేము వానియొద్ద చాలసేపు నిలిచితిమి. మనిషి కట్టడి ఎంతటిదో, ప్రకృతి బలమెంతటిదో చెప్పుటకు వేఱు పాఠ్యపుస్తకము అక్కఱలేదు.

ఆ మార్గమున వెళ్ళువారు ఎఱుగవలసిన సంగతులు కొన్ని కలవు. పెక్కు వంతెనలు ఒక్క బండికి మాత్రమే సరిపోవును. ముందు చేరువగా వచ్చినవారికి త్రోవ యిచ్చుట మర్యాద. పగలైనను బండిదీపములు వెలిగింపవలెను. దారి వదలి నేలపై బండి నడుపుట చట్టవిరుద్ధము. చక్రము త్రొక్కిన నాచు మరల పెరుగుటకు దశాబ్దములు పట్టును. వేసవిలో గొఱ్ఱెలు కాపరి లేకయే తిరుగుచుండును గనుక మెల్లగా పోవలెను. నల్లయిసుక తీరమైన రేనిస్‌ఫియారాలో సముద్రమునకు వీపు త్రిప్పరాదు. నెమ్మదిగా నున్నట్లు తోచిన నీటిలోనుండి హఠాత్తుగా పెద్ద కెరటము లేచి మనుష్యులను లాగికొనిపోయిన సందర్భములు కలవు.

గాలి సంగతి మాకు సొమ్ము ఖర్చుతో తెలిసినది. తలుపు తీయునపుడు రెండు చేతుల పట్టుకొనుడని బండి అద్దెకిచ్చినవారు ముందే చెప్పియుండిరి. మేము నవ్వి ఊరకుంటిమి. మూడవనాడు ఒక జలపాతమువద్ద తలుపు తీసినంతనే గాలి దానిని వెనుకకు విఱిచినట్లు లాగినది. కీలు వంగినది. తప్పు మాదే గనుక మాఱు మాటాడక సొమ్ము చెల్లించితిమి.

భయపెట్టు భూమియే పోషించుటయు చూచితిమి. భూగర్భములోని వేడినీటిని గొట్టములద్వారా ఊళ్ళకు తెచ్చి పదింట తొమ్మిది యిండ్లను వెచ్చగా నుంచుచున్నారు. స్నానపు నీటికి కొంచెము గంధకపు వాసన యుండును గాని రెండు దినములలో అలవాటగును. నేతవారమైన మనకు నచ్చు సంగతి మఱియొకటి. అచ్చటి గొఱ్ఱెకు రెండు పొరల ఉన్ని యుండును. లోపలిది మెత్తనై వెచ్చదనమిచ్చును. వెలుపలిది పొడుగై తడిని ఆపును. మగ్గము ముందు కూర్చున్నవారెవరైనను ఆ నూలును వ్రేళ్ళ నలిపి చూడక విడువరు. మేమును విడువలేదు.

అయినను మా మనస్సున మిక్కిలి నాటినది కొండయు కాదు, జలపాతమును కాదు. అది వారి భాష. క్రొత్త వస్తువు వచ్చినపుడు వారు పరభాషా పదమును తెచ్చుకొనుటకు బదులు తమ పాతమాటలలో వెదకుదురు. టెలిఫోనునకు 'సీమి' అను పేరు పెట్టుకొనిరి. అది మఱుగుపడిన పాతమాట. దాని యర్థము దారము! కంప్యూటరునకు 'తోల్వా' అందురు. అంకె యను మాటను, భవిష్యత్తు చెప్పు స్త్రీ యను మాటను కలిపి 1965 ప్రాంతమున కూర్చినది. అంకెల సోదెకత్తె యన్నమాట. పదుమూడవ శతాబ్దపు గాథలను నేటి బాలురు కొద్ది సహాయముతో చదువగలరు. డెన్మార్కునకు పోయిన ప్రాచీన వ్రాతప్రతులలో మొదటివి 1971లో ఓడపై తిరిగివచ్చినపుడు వానికి స్వాగతమిచ్చుటకు జనులు రేవున గుమిగూడిరి.

ఉత్తరభాగమున ఒక రైతుయింట బస చేసితిమి. జూన్ మాసము గనుక అర్ధరాత్రి కావచ్చినను వెలుతురు పోలేదు. ఇంటి ముసలమ్మ మాకు కాఫీ యిచ్చి, మేము పరరాష్ట్రమున తరతరములుగా ఉన్న తెలుగువారమని విని, "మీ మనుమలు మీ భాషలో చదువుదురా?" అని ఆంగ్లమున అడిగినది. మాటాడుదురని చెప్పితిమి. "చదువుదురా?" అని మరల అడిగినది. మాకు వెంటనే సమాధానము రాలేదు. మా మనుమడు తెలుగున చక్కగా మాటాడును. కాని మేము వ్రాసిన జాబును మా కోడలు చదివి వినిపింపవలెను. ఆ సంగతియే చెప్పితిమి. ఆమె నవ్వలేదు. తన మనుమరాలును చేతిఫోనులోని ఆటలవలన తోడిపిల్లలతో ఆంగ్లమున మాటాడుచున్నదని చెప్పి నిట్టూర్చినది.

వారికిని మనకును పోలిక పూర్తిగా చెల్లదు. వారికి సొంత రాజ్యము, సొంత చట్టము కలవు. మనకు మరాఠీ అన్నము పెట్టిన భాష. దానిని మన పిల్లలు బాగుగా నేర్వవలసినదే. ఆంగ్లమును వలసినదే. అయితే ఆ ముసలమ్మ దిగులు చూచిన పిదప మాకొకటి తెలిసినది. రాజ్యమున్నవారికైనను భాష తనంతట తాను నిలువదు. ఇంటిలో ఎవరో ఒకరు పూనుకొని చదివింపవలెను.

తిరిగి వచ్చినది మొదలు మేము మనుమనికి ప్రతి ఆదివారము తెలుగున నాలుగు పంక్తుల జాబు వ్రాయుచున్నాము. కోడలిని చదువవద్దని కోరితిమి. మొదటి జాబునకు మూడు వారములు జవాబు లేదు. నాలుగవ వారమున వచ్చినది. అందు రెండే పంక్తులు, అయిదు తప్పులు. "తాతా, ఆ నల్లరాయి నాకు తెచ్చినావా?" అని అడిగినాడు. అచ్చటి రాయిని తేలేదు. మన కోటగోడ చూపించి అదియు దాని చుట్టమేయని చెప్పుటకు వచ్చు సెలవులలో వానిని రమ్మని తెలుగుననే జవాబు వ్రాసితిమి.