చదువుల పట్టణము మధుర

మధుర యనగానే మనకు మీనాక్షీదేవి యాలయమును, చిత్తిరై తిరునాళ్లును తలపునకు వచ్చును. కోయంబత్తూరు వైపు మన గ్రామములనుండి యాత్ర పోవు పెద్దలు ఆలయము చూచి, ప్రసాదము గొని, ఆ రాత్రికే తిరిగి వచ్చుచుందురు. అచట చూడదగినది మఱియొకటి కలదు. నాలుగువందల యేండ్ల క్రిందటనే అది వేలకొలది విద్యార్థులు చేరి చదివిన పట్టణము. ఏలిన నాయకరాజుల యింటి భాష తెలుగు. “మనది ఇంటిలో మాటలాడుకొను భాషయే గాని చదువుల భాష కాదు” అని మన పిల్లలు కొందఱు తలంచుచున్నారు. అట్టివారిని ముందుగా మధురకు తీసికొని పోవలెను.

1606లో ఇటలీ దేశపు క్రైస్తవ మతగురువు రాబర్టో డి నోబిలి మధుర చేరెను. అతడు తమిళమును, తెలుగును, సంస్కృతమును నేర్చెను. అతనికి సంస్కృతము చెప్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు. నోబిలి 1610లో వ్రాసిన జాబునందు, మధురలో పదివేలకు మించి విద్యార్థులు కలరనియు, ఇన్నూఱు మున్నూఱుమంది చొప్పున తరగతులుగా చదువుచున్నారనియు, వారి పోషణమునకు రాజులు మాన్యము లిచ్చిరనియు తెలిపెను. పదివేలన్నది కంటి యంచనాయే కావచ్చును. ఐనను పరదేశికి ఆ పట్టణము విద్యార్థులతో నిండినట్లు కనబడినది గదా!

అయితే అది ముఖ్యముగా బ్రాహ్మణ బాలురు చదివిన శాస్త్రవిద్య. మన పూర్వులలో సేద్యము చేసినవారికిని, మగ్గము నేసినవారికిని, బాలికలకును ఆ వాకిలి తెఱచి యుండలేదు. ఈ సంగతి దాచి గొప్పలు చెప్పుకొనుట తగదు.

తెలుగునకు పీఠము వేసినది రాజసభ. కృష్ణదేవరాయల కథ చెప్పు రాయవాచకము విశ్వనాథనాయకుని స్థానాపతి రచన యని ప్రసిద్ధి. అది పద్యము గాదు, వచనము. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తానే శ్రీరంగ మాహాత్మ్యమును వచనమున రచించెను. అతని కొలువునందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనముగా వ్రాసెను. పద్యమే కావ్యమను కాలమున తెలుగు వచనమునకు గౌరవము కలిగించినవారు ఈ దక్షిణదేశపు నాయకులే.

ఇక చూడవలసిన చోట్లు. ఆలయపు తూర్పు వాకిట తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపమున నాయకరాజుల శిలావిగ్రహము లున్నవి. ఆ స్తంభముల నడుమ బహుకాలము పుస్తకముల అంగళ్లును, దర్జీల యంత్రములును ఉండెడివి. ఆలయమునకు ఆగ్నేయముగా 1636లో కట్టిన తిరుమల నాయకుని మహలు కలదు. మనుమడు చొక్కనాథుడు దానిలో చాలభాగము విప్పించి తిరుచిరాపల్లికి తరలించెను; మిగిలినదే యింత పెద్దది. ఆ చుట్టుపట్ల సౌరాష్ట్ర పట్టునేతవారు కాపురముందురు. వారి మాటలు చెవియొగ్గి వినుడు. తెలుగు పదములు పెక్కు దొరకును.

వైగై దాటినచో తముక్కమున రాణి మంగమ్మ విడిది మేడ గలదు. 1959నుండి అది గాంధీ స్మారక వస్తుప్రదర్శనశాల. అదే యొడ్డున 1881లో స్థాపితమైన అమెరికన్ కళాశాలయు, స్త్రీలకై 1948లో వెలసిన లేడీ డోక్ కళాశాలయు నున్నవి. ఈ రెంటికిని దూరదేశపు చిన్నయూరితో చుట్టఱికము కలదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఓబర్లిన్ అను ఊరును, దాని కళాశాలయు 1833లో కలిసియే పుట్టినవి. 1835లో నల్లజాతివారిని చేర్చుకొనుటకు ఆ కళాశాల నిర్ణయించెను. 1837లో స్త్రీలను పురుషులతోపాటు పట్టపు చదువునకు చేర్చుకొనెను. అచట చదివిన యువతీయువకులు మధురకు వచ్చి ఈ కళాశాలలలో ఆంగ్లము బోధించుట సంప్రదాయమైనది. నోబిలి నాడు మూసియున్న వాకిలి మన బాలికలకు తెఱచుకొనుటకు మూడు శతాబ్దములు మించి పట్టినది.

1966లో ఏర్పడిన మధుర విశ్వవిద్యాలయము, తరువాత కామరాజ్ పేరు ధరించినది, తెలుగు శాఖకును చోటిచ్చినది.

పోవుటకు ముందు రాయవాచకము నాలుగు పుటలైనను చదువుడు. ఇంటిలో అందఱు వినునట్లు గట్టిగా చదువుడు. అందలి మాటలు కొన్ని మీ అవ్వ నోట విన్నవే యైయుండును.