కథలో వస్తువు, ప్రతీక, కంఠస్వరం

ఉద్దేశం

కథ చదివి సారాంశం చెప్పగలగడం సాహిత్య పఠనంలో తొలి మెట్టు. కథలోని వస్తువును, ప్రతీకలను, కథ చెప్పే కంఠస్వరాన్ని గుర్తించి వివేచించడం తరువాతి మెట్టు. ఉత్తరాంధ్ర కథకుల రచనలను ఉదాహరణలుగా గ్రహించి ఈ వివేచన పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

ప్రవేశిక

ఆధునిక తెలుగు కథకు ఉత్తరాంధ్ర పెట్టిన పేరు. గురజాడ అప్పారావు 1862లో సర్వసిద్ధి రాయవరంలో జన్మించారు. 1922లో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి స్వగ్రామం అనకాపల్లి సమీపంలోని తుమ్మపాల. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాకు చెందిన ఈ రెండు గ్రామాలూ, చోడవరం ప్రాంతంలోని రోలుగుంటా 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరాయి. చాగంటి సోమయాజులు విజయనగరంలో నివసిస్తూ కథలు రాశారు. శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. రోలుగుంట విద్యార్థికి ఇంటా వీధిలోనూ వినబడే పలుకుబడి ఈ రచయితల పాత్రల నోట అనేకచోట్ల వినిపిస్తుంది. ఐనా పరిచితమైన భాషలో ఉన్నంత మాత్రాన కథ పూర్తిగా బోధపడిందని భావించరాదు. జరిగిన సంఘటనలను తెలుసుకోవడం వేరు, వాటి అంతరార్థాన్ని గ్రహించడం వేరు.

ఇతివృత్తం - వస్తువు

కథలో ఏమి జరిగిందో చెప్పేది ఇతివృత్తం. ఆ జరిగిన దాని ద్వారా రచయిత జీవితాన్ని గురించి చేసే ఆలోచన వస్తువు. ఈ భేదాన్ని గురజాడ ‘దిద్దుబాటు’ కథ స్పష్టం చేస్తుంది. ఇది 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడింది. సానుల పాటకు పోయిన గోపాలరావు అర్ధరాత్రి దాటిన తరువాత ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం కనబడుతుంది. కంగారుపడిన గోపాలరావు ఆమెను ఎలాగైనా తీసుకురమ్మని సేవకుడు రాముణ్ణి బతిమాలుకుంటాడు. చివరకు మంచం కింద నుండి కమలిని నవ్వు వినిపిస్తుంది. ఇది ఇతివృత్తం.

ఈ కథ వస్తువు ఏమిటని అడిగితే “దారి తప్పిన భర్తను భార్య దిద్దుకోవడం” అని చెప్పడం పరిపాటి. ఆ సమాధానం తప్పు కాదు, కాని అసంపూర్ణం. ఆడవారికి చదువు చెప్పించడం మేలు కాదన్న ధోరణిలో రాముడు మాట్లాడినప్పుడు గోపాలరావు చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తుతాడు. ఆదర్శం మాటలలో ఉన్నది, నడవడిలో లేదు. కమలిని తన చదువుతోనే ఉత్తరం రాసి, అతని మాటకూ చేతకూ గల దూరాన్ని అతనికే చూపింది. సంస్కరణను ఇతరులకు బోధించేవాడు ముందు తనను తాను దిద్దుకోవాలన్నది ఈ కథలోని లోతైన వస్తువు. మొదటి సమాధానం సంఘటననుండి పుట్టింది. రెండవది పాత్రల సంభాషణను శ్రద్ధగా చదవడం వలన లభించింది.

ప్రతీక

కథలో ఒక వస్తువు తన సహజమైన అర్థాన్ని నిలుపుకొంటూనే మరొక విస్తృతమైన అర్థాన్ని స్ఫురింపజేస్తే దానిని ప్రతీక అంటారు. చాగంటి సోమయాజులు రాసిన ‘వాయులీనం’ ఇందుకు చక్కని ఉదాహరణ. సంగీతం నేర్చిన రాజ్యానికి సంసారంలో పడిన తరువాత వాయులీనం వాయించే తీరిక ఉండదు. ఆమె జబ్బుపడినప్పుడు వైద్యానికి డబ్బు లేక భర్త ఆ వాయులీనాన్ని అమ్ముతాడు. ఆమె కోలుకుంటుంది. మిగిలిన డబ్బుతో భర్త ఆమెకు చీర కొంటాడు.

ఇక్కడ వాయులీనం ముందుగా ఒక వాద్యం. అంగడిలో దానికి ధర ఉన్నది. ఆ ధరతోనే ప్రాణం నిలబడింది. ఈ వాస్తవాన్ని మరచి “వాయులీనం కళకు ప్రతీక” అని ఒక్క మాటతో ముగిస్తే కథలోని వేదన జారిపోతుంది. భర్త దుర్మార్గుడు కాడు, అతడు అమ్మినది ఆమె ప్రాణం కోసమే. ఐనా ఆమెలో ఒక భాగం ఆ వాద్యంతోపాటు ఇల్లు దాటిపోయింది. పేదరికం మనిషిని బతికించడానికి సైతం ఆ మనిషి నుండే ఏదో ఒకటి తీసుకొంటుంది. ప్రతీకను ఈ విధంగా కథలోని సన్నివేశాలతో ముడిపెట్టి వివరించాలి. కనబడిన ప్రతి దీపాన్నీ జ్ఞానమనీ, ప్రతి నదినీ జీవితమనీ రాయడం విమర్శ కాదు.

కంఠస్వరం

కథను ఎవరు చెబుతున్నారు, ఎంత దూరం నుండి చూస్తున్నారు, ఏ ధోరణిలో పలుకుతున్నారు అనే విషయాలు కంఠస్వరానికి సంబంధించినవి. పాత్రే “నేను” అంటూ చెబితే అది ఉత్తమ పురుష కథనం. అన్నిటినీ ఎరిగిన కథకుడు వెలుపల నిలిచి చెబితే అది సర్వసాక్షి కథనం. వెలుపలి కథకుడే ఒక పాత్ర మనస్సును ఆశ్రయించి చెప్పడం మరొక పద్ధతి. విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ నవలలో భయస్థుడైన సుబ్బయ్య ఆలోచనల ప్రవాహంలో నుండే పాఠకుడు లోకాన్ని చూస్తాడు. అందుచేత ఎదుటివారి చిన్న కదలిక కూడా అక్కడ పెద్ద ముప్పుగా తోస్తుంది.

ఒక చిన్న సన్నివేశాన్ని ఊహించండి. రోలుగుంట దాపున ఉన్న ఒక రైతు అనకాపల్లి మార్కెట్టులో బెల్లం దిమ్మలు అమ్మి చీకటిపడ్డాక ఇంటికి వచ్చాడు. వచ్చిన డబ్బు అప్పుకు చాలదు. ఇదే సంగతిని రైతు చెబితే లెక్కలూ దిగులూ వినిపిస్తాయి. తండ్రి తెస్తానన్న పలక కోసం గుమ్మంలో ఎదురుచూసిన పిల్లవాడు చెబితే ఖాళీ సంచి మాత్రమే కనబడుతుంది. కాటా దగ్గరి గుమస్తా చెబితే అది ఆనాటి పద్దులలో ఒక వరుస. సంఘటన ఒక్కటే. చెప్పేవారు మారినప్పుడల్లా పాఠకుని సానుభూతి మారుతున్నది.

మూడింటి సమన్వయం: ‘యజ్ఞం’

వస్తువు, ప్రతీక, కంఠస్వరం విడివిడిగా ఉండవని నిరూపించే కథ కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. 1960ల మధ్యకాలంలో ‘యువ’ పత్రికలో వెలువడిన ఈ కథపై విస్తృతమైన చర్చ జరిగింది. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

సుందరపాలెం గ్రామంలో అప్పల్రాముడు అనే దళిత రైతు షావుకారు గోపన్నకు అప్పుపడ్డాడు. వడ్డీతో పెరిగిన బాకీపై గ్రామపెద్ద శ్రీరాములునాయుడి సమక్షంలో పంచాయితీ జరుగుతుంది. అప్పు తీసుకున్న మాటను అప్పల్రాముడు కాదనడు. తీసుకున్నది తీర్చాలన్న పెద్దల మాట న్యాయంగానే వినిపిస్తుంది. ఉన్న కొద్దిపాటి భూమిని వదులుకొనడానికి అతడు ఒప్పుకుంటాడు. భూమి పోతే ఆ కుటుంబానికి మిగిలేది కంబారితనం. ఆ బతుకు తన బిడ్డకు రాకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసివాణ్ణి తానే నరికి సభ ముందుకు తెస్తాడు.

ఈ కథను చెప్పే కంఠస్వరం ఆవేశపడదు. ఊరి పూర్వచరిత్రను, వచ్చిన అభివృద్ధిని, పెద్దమనుషుల మంచితనాన్ని సావధానంగా వివరిస్తుంది. ఎవరినీ దుష్టుడని నిందించదు. అందువలన పాఠకుడు తనకు తెలియకుండానే సభలో కూర్చుంటాడు, తీర్పు సమంజసమేనని తల ఊపుతాడు. ముగింపులో రక్తం కనబడినప్పుడు తాను ఊపిన తలకు తానే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కథకుడు మొదటినుండే గోపన్నను దూషించి ఉంటే పాఠకుడు సులభంగా తప్పించుకొనేవాడు.

శీర్షిక ఇక్కడ ప్రతీక. యజ్ఞం లోకక్షేమం కోసం చేసేది, అందులో బలి ఉంటుంది. ఊరి అభివృద్ధి యజ్ఞమైతే దాని ఫలం ఎవరికి దక్కింది? బలి ఎవరయ్యారు? ఈ ప్రశ్నల నుండే వస్తువు వెలువడుతుంది. ధర్మబద్ధంగా కనబడే వ్యవస్థ నియమం తప్పకుండానే మనిషిని బానిసగా మార్చగలదు. సీతారాముడి చర్యను సమర్థించాలా, ఖండించాలా అన్న ప్రశ్నకు కథ సమాధానం ఇవ్వదు. ఆ భారాన్ని పాఠకుడికే అప్పగిస్తుంది.

ముగింపు

కథను విశ్లేషించే విద్యార్థి మొదట సంఘటనలను నాలుగైదు వాక్యాలలో రాసుకోవాలి. తరువాత కథ ఎవరి చూపులో నడిచిందో గమనించాలి. పదే పదే కనబడే వస్తువును, శీర్షికను పరిశీలించాలి. ఆ పిమ్మటే వస్తువును ఒక పూర్తి వాక్యంగా నిర్ణయించాలి. “పేదరికం” అన్న ఒక్క పదం వస్తువు కాజాలదు, పేదరికాన్ని గురించి కథ ఏమి అంటున్నదో చెప్పాలి. చేసిన ప్రతి నిర్ణయానికి కథలోని ఆధారం చూపాలి. ఈ అలవాటు పరీక్షతో ముగిసేది కాదు. నిత్యజీవితంలోనూ ఒక వివాదాన్ని విన్నప్పుడు ఎవరు చెబుతున్నారు, ఎవరి మాట వినబడలేదు అని అడగగలగడం సాహిత్యం నేర్పే వివేకం.

అర్థాలు

వివేచన = మంచి చెడులను విడదీసి పరిశీలించడం
పలుకుబడి = మాట్లాడే తీరు
వాయులీనం = ఫిడేలు
సర్వసాక్షి = అన్నిటినీ చూసేవాడు
కంబారి = పాలేరు (ఉత్తరాంధ్ర మాట)
సమన్వయం = పొందిక

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ‘యజ్ఞం’ కథలో కంఠస్వరం వస్తువుకు ఏ విధంగా తోడ్పడిందో వివరించండి.
2. ‘దిద్దుబాటు’ ఆధారంగా ఇతివృత్తానికి, వస్తువుకు గల భేదాన్ని తెలపండి.

ఆ) సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ప్రతీక అనగానేమి? ‘వాయులీనం’ కథను అనుసరించి రాయండి.
2. ‘అల్పజీవి’లోని కథన పద్ధతి ఎటువంటిది?

ఇ) కృత్యం
మీ ఊరిలో విన్న ఒక సంఘటనను ఇద్దరు వేర్వేరు వ్యక్తులు చెబుతున్నట్లుగా రాయండి. ఎవరి కథనంలో ఏ విషయం మరుగున పడిందో తరగతిలో చర్చించండి.