ఆవకాయ ఎక్కడ ఆగింది?

మా అమ్మ ఫోన్ చేసిందంటే మొదటి ప్రశ్న ఒకటే... ‘ఏమైందిరా, కదిలిందా?’

కదలాల్సింది ట్రాకింగ్ పేజీలో ఒక్క లైను. ‘హెల్డ్ ఇన్ కస్టమ్స్’ అన్న మూడు ముక్కల దగ్గర మా ఇంటి పార్సిల్ పదమూడు రోజులు కూర్చుంది. డాలస్‌లో మా అక్కకి అప్పుడు ఏడో నెల. ‘ఏం తిన్నా సయించట్లేదమ్మా, నీ ఆవకాయ ముద్ద ఒక్కటి దొరికితే చాలు’ అంది. ఇంకేముంది! రెండు కిలోల కొత్తావకాయ కవర్లలోకి ఎక్కింది. సున్నుండలు చుట్టారు. పెరట్లో కరివేపాకు కోసి పేపర్లో మడిచారు. ఆఖర్లో మావయ్య వచ్చి ‘అల్లుడికి’ అంటూ చికెన్ పచ్చడి ప్యాకెట్ ఒకటి మధ్యలో దూర్చాడు. కొరియర్ కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే ‘ఫుడ్ ఐటమ్స్, గిఫ్ట్, పది డాలర్లు’ అని కొట్టేశాడు. మేం సంతకం పెట్టేశాం.

పద్నాలుగో రోజు మెయిల్ వచ్చింది. డబ్బా మొత్తం ధ్వంసం చేశారట. ‘చికెన్ తీసేసుకోండి, ఆవకాయన్నా ఇవ్వరా?’ అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని అసలు రూల్స్ చదవడం మొదలుపెట్టా. చదివాక అర్థమైంది... ఆవకాయ తప్పు ఏమీ లేదు. డబ్బాలో దాని పక్కన కూర్చున్న వాళ్లదీ, డబ్బా మీద మేం రాసిన ఆ మూడు మాటలదీ తప్పు.

మాంసం సంగతి తెలిసిందే. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి, కోళ్లకు బర్డ్ ఫ్లూ ఉన్నాయి కాబట్టి మటన్, చికెన్ పచ్చళ్లను ఇళ్ల నుంచి పంపితే అమెరికా లోపలికి రానివ్వదు. నూనెలో వేయించామన్నా, సీల్ వేశామన్నా వినరు. కరివేపాకు మాత్రం నాకు కొత్త విషయం. మన కరివేప చెట్టు నిమ్మ, నారింజ కుటుంబానిదే. ఆ జాతి చెట్లను చంపేసే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు కోలుకోలేదు. అందుకే పచ్చి కరివేపాకు రెమ్మ కనబడితే వాళ్లకి బాంబు కనబడినట్టే. మనం పోపులో వేసి పక్కకి నెట్టేసేదానికి అంత సీనుందా అనుకున్నా. ఉంది.

ఇక ఆవకాయ. 2001 దాడుల తర్వాత అమెరికా 2002లో బయోటెర్రరిజం చట్టం తెచ్చింది. దాని ప్రకారం దేశంలోకి వచ్చే తిండి ఏదైనా సరే, ముందుగా ఎఫ్‌డీఏకి నోటీసు ఇవ్వాలి. దాన్ని ప్రయర్ నోటీస్ అంటారు. అయితే అందులోనే ఒక మంచి మినహాయింపు ఉంది. ఒక మనిషి తన ఇంట్లో తానే చేసి, అమ్మకానికి కాకుండా, అమెరికాలో ఉన్న మరో మనిషికి కానుకగా పంపిన తిండికి ఈ నోటీసు అక్కర్లేదు. అంటే ఈ ఒక్క విషయంలో షాపులో కొన్న పచ్చడి కంటే అమ్మ కలిపిన పచ్చడికే దారి సులువు! కానీ ఆ మాట డబ్బా మీద ఉండాలి కదా. ‘ఫుడ్ ఐటమ్స్’ అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? ‘ఇంట్లో చేసిన మామిడికాయ పచ్చడి, 2 కిలోలు, అమ్మ నుంచి కూతురికి కానుక’ అని ఇంగ్లీషులో రాసుంటే సంగతి తెలిసేది. పంపేవారి పేరు కూడా చేసినవాళ్లదే ఉండాలి. మేమేమో కౌంటర్లో నా ఆధార్ ఇచ్చి నా పేరు పెట్టాం. షాపు పచ్చడైతే నోటీసు తప్పదు. అది కొరియర్ వాళ్లు వేస్తారో లేదో ముందే అడగండి. తయారుచేసిన వాళ్ల పేరు, అడ్రస్ ఉన్న లేబుల్ మాత్రం చింపొద్దు.

‘గిఫ్ట్ అని రాస్తే టాక్స్ పడదు’ అన్నది మన వీధి వీధిలో వినబడే మాట. సగమే నిజం. 2016 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకి అమెరికాలో సుంకం ఉండేది కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2025 ఆగస్టు 29న ఆ వెసులుబాటు ఎత్తేశారు. ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికా బుకింగులు చాలావరకు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు సరుకు విలువలో సగం, అంటే 50 శాతం, సుంకంగా బుకింగ్ దగ్గరే కట్టించుకున్నారు. వంద డాలర్ల లోపు నిజమైన కానుకకి మాత్రం మినహాయింపు ఉంచారు. నిజమైన కానుక అంటే మనిషి నుంచి మనిషికి. షాపు వాడు మీ తరఫున పంపి ‘గిఫ్ట్’ అంటే కుదరదు. ఇక ఈ రేట్లు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండవు, బుక్ చేసే రోజున ఎంతో అడిగి తీరాల్సిందే. పట్టుచీర పెట్టి పది డాలర్లు అని రాసే తెలివి మాత్రం వద్దు. స్కానర్లో చీర కనబడుతుంది, డబ్బా విప్పుతారు, ఆ తర్వాత మీరు చెప్పిన నిజం కూడా నమ్మరు.

దేశాన్ని బట్టి కథ మారిపోతుంది. బ్రిటన్‌కి పాలకోవా పంపితే పోతుంది. అక్కడ మన దేశపు పాల పదార్థాలకి ప్రవేశం లేదు. కానుక మీద పన్ను లేకుండా ఉండే హద్దు కూడా 39 పౌండ్లే.

గల్ఫ్ సంగతి ఇంకా సీరియస్. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో మసాలాకి గసగసాలు నూరడం మామూలే. యూఏఈలో, సింగపూర్‌లో అవి నిషేధం, ఎందుకంటే వచ్చేది నల్లమందు మొక్క నుంచే. మసాలా పొడిలో కలిపినా అంతే. ‘అన్నా, మా తమ్మునికి ఈ ప్యాకెట్ జెర ఇయ్యరాదే’ అని ఎవరైనా ఇస్తే విప్పి చూడకుండా సూట్‌కేసులో పెట్టకండి. అందులో నడుం నొప్పికని ట్రమడాల్ గోలీలు ఉంటే, యూఏఈలో అవి నియంత్రిత మందులు. ఇక్కడ పోయేది పచ్చడి కాదు, మనిషి జైలుకి పోతాడు.

పనిలో పని, ఇంకో సంగతి. మా పార్సిల్ ఆగిన రోజుల్లోనే ‘మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోకి రండి’ అని అమ్మకి ఫోన్ వచ్చింది. నిజంగానే పార్సిల్ ఆగి ఉంది కాబట్టి ఆవిడ సగం నమ్మేసింది. ఏ కస్టమ్స్ ఆఫీసరూ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయడు. పెట్టేసి 1930కి ఫోన్ చేయండి.

అన్నట్టు, ఖర్చు. తూకం పది కిలోలే కదా అనుకోకండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదే చాలా కొరియర్ల లెక్క. నలభై సెంటీమీటర్ల చదరపు డబ్బాకి అది 12.8 కిలోలు. లోపల దూది ఉన్నా అంతే.

రెండోసారి అమ్మ తనే కౌంటర్‌కి వచ్చింది. తన ఆధార్ ఇచ్చింది. చిన్న డబ్బా, ఆవకాయ, సున్నుండలు, అంతే. కుర్రాడు ‘ఫుడ్ ఐటమ్స్’ అని కొట్టబోతుంటే ఆపి, నేను రాసిచ్చిన కాగితం చూపిస్తూ ఒక్కో మాటా కొట్టించింది. ‘ఎంత సేపమ్మా’ అని వెనక ఎవరో విసుక్కున్నారు. ‘మా అమ్మాయికి ఏడో నెల బాబూ’ అంది.

తొమ్మిదో రోజు అక్క వీడియో కాల్ చేసింది. నోటి నిండా ముద్ద, మాట రావట్లేదు. మావయ్య నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి, ‘చికెన్ పచ్చడి నేనే తినేశానని అల్లుడికి చెప్పు’ అన్నాడు.