వాడు మీతో ఉన్నాడనుకున్నాము



కొన్నేళ్ళ క్రితం మా సండేస్కూలు పిల్లలను భోగాపురం నుండి ముక్కాం సముద్రతీరానికి తీసుకొని వెళ్ళాము. ముప్పైమంది పిల్లలు, పద్నాలుగుమంది పెద్దలు. పులిహోర పొట్లాలు పంచేసరికి ఒకటి మిగిలింది. అయిదేళ్ళ బాబు ఒకడు లేడు. "మేనత్తతో ఉన్నాడనుకున్నానండి" అన్నది తల్లి. "అయ్యగారి దగ్గర ఉన్నాడనుకున్నాను" అన్నది మేనత్త. మేమా, తల్లి కొంగు పట్టుకొని ఉంటాడనుకున్నాము! ఎదుట సముద్రం. ఆ పావుగంట మేము చేసిన ప్రార్థనలో మాటలు లేవు.

చివరకు వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన వాణ్ణి చెయ్యిపట్టుకొని తెచ్చి, "ఈ గుంటడు మీవోడేనా బాబూ?" అని అడిగాడు. పడవ నీడన కూర్చొని ఉన్నాడట.

పెద్దలు తక్కువై కాదు, ఎక్కువై తప్పిపోయాడు. లూకా సువార్త 2వ అధ్యాయములో జరిగినదీ ఇదే. పస్కా పండుగ అయ్యాక, పన్నెండేళ్ళ యేసు గుంపులోనే ఉన్నాడనుకొని యోసేపు మరియలు ఒక దినపు ప్రయాణం సాగిపోయారు. మూడు దినముల తరువాత గాని దేవాలయములో కనబడలేదు. వారు అజాగ్రత్తపరులు కారు; చుట్టాల మధ్య నడుస్తున్నవారు. అందుకే మరుసటి యాత్రకు ఇద్దరేసి పిల్లలకు ఒక పెద్దను పేరుపెట్టి నియమించాము. మంచినీళ్ళకు వెళ్ళినా సరే, "వీళ్ళను నీకు అప్పగిస్తున్నాను" అని నోటితో చెప్పి, అవతలివారు "సరే" అన్నాకే కదలాలి.

ఇక పిల్లల సంగతి. "దగ్గరగా ఉండు" అంటే ఎంత దగ్గరో చిన్నవాడికేం తెలుసు? మా శ్రీమతి మా పిల్లలకు ఒక కొలత నేర్పింది: చెయ్యి చాపితే చీర కొంగు అందాలి. బజారులో "కొంగు!" అనగానే పరుగెత్తుకొచ్చి పట్టుకోవాలి. ఆటలాగే అలవాటైంది. మన జాతీయ రహదారి దాటేటప్పుడు మాత్రం ఆటలు లేవు. వాడు మన వేలు పట్టుకోవడం కాదు, మనమే వాడి మణికట్టు పట్టుకోవాలి. వేలు జారిపోతుంది.

తప్పిపోతే తిరగకుండా, ఉన్నచోటనే నిలబడి గట్టిగా పిలవమని చెప్పండి. "కొత్తవాళ్ళతో మాట్లాడకు" అని మాత్రమే నేర్పితే పాపం ఎవరిని అడుగుతాడు? పిల్లలున్న తల్లిని, దుకాణదారుణ్ణి, పోలీసును అడగవచ్చని ముందే చూపించి ఉంచండి. 1986లో మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ స్టేషనులో అన్న కోసం చూస్తూ నిద్రపోయి, తరువాత రైలెక్కి కలకత్తా చేరిన చిన్నారి సారూకు తన ఊరిపేరు సరిగా పలకడం రాలేదు. ఆస్ట్రేలియా దంపతులు పెంచుకున్నారు. కన్నతల్లిని మళ్ళీ చూసేసరికి 2012 అయింది. ఊరు, మండలం, తండ్రి పేరు, ఫోను నంబరు మన బిడ్డలచేత పాటలా వప్పజెప్పించండి. మరీ చిన్నవారికి జేబులో చీటీ పెట్టండి. చొక్కాపైన మాత్రం పేరు కుట్టించకండి. పేరుపెట్టి పిలిచినవారినల్లా పిల్లలు నమ్ముతారు. మీరు వెతుకుతూనే, 1098కి ఫోను చేయమని మరొకరికి చెప్పండి.

ఆ రోజు బాబును చూడగానే తల్లి చెయ్యెత్తింది. మేము ఆపాము. దెబ్బలకు భయపడిన బిడ్డ మరోసారి తప్పిపోతే పిలవడు, దాక్కుంటాడు. మరియయు మొదట అడిగినది, ఎందుకిలా చేశావనే గదా. ఆ తల్లి కూడా కళ్ళు తుడుచుకొని అడిగింది.

"పీత బొక్కలోకి దూరిపోయిందమ్మా. మళ్ళీ వస్తాదేమోనని చూస్తన్నాను" అన్నాడు వాడు.

మిగిలిన పొట్లం వాడి చేతిలో పెట్టాము.