బెత్తము, ఆకలి, కోయ బిడ్డ

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తాను.

భద్రాచలం అడవి అంచున ఒక చిన్న బడిలో నేను ఉపాధ్యాయినిగా పనిచేసిన రోజులవి. ఒకటవ తరగతిలో ఒక కోయ పిల్లవాడు మాటిమాటికీ లేచి "ఏరు, ఏరు" అనేవాడు. పాఠము తప్పించుకొని వాగు దగ్గరకు పోవాలని చూస్తున్నాడనుకొని రెండు దెబ్బలు వేశాను. సాయంత్రము వాడి తల్లి వచ్చి చెబితేగాని తెలియలేదు, కోయ భాషలో ఏరు అంటే నీళ్ళని. బిడ్డకు దాహమైంది. మత్తయి 10:42 మీద సండేస్కూలులో పాఠము చెప్పినదానను నేనే!

మన క్రైస్తవ గృహాలలో బెత్తానికి సామెతలు 13:24ను అడ్డుపెట్టుకోవడము అలవాటు. కాని కాపరి దండము గొఱ్ఱెకు దారి చూపడానికి, కాళ్ళు విరగగొట్టడానికి కాదు. సంఘము చెప్పవలసిన ఈ మాటను చివరకు చట్టము చెప్పింది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టడమే కాదు, మాటలతో హింసించడము కూడా నిషేధించింది. తప్పుచేసిన ఉపాధ్యాయునిపై శాఖాపరమైన చర్య ఉంటుంది.

ఈ చట్టానికి వేరు మన రాష్ట్రపు కేసులోనే ఉన్నది. ఉన్నికృష్ణన్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన వ్యాజ్యములో 1993లో సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2002లో అది రాజ్యాంగములోనికి ఎక్కింది.

అయితే కోర్టు తీర్పు కడుపు నింపదు గదా! మిరపకాయ కోతలప్పుడు ఖమ్మం జిల్లా పల్లెలలో బడి బల్లలు ఖాళీ. తరువాత ఇప్పపువ్వు, ఆపైన తునికాకు. తల్లి కూలికి పోతే చంటిబిడ్డను చూసుకొనేది అక్క. ఆ అక్క వయస్సు ఎనిమిదేండ్లు. ఇంటిలో అందరూ కష్టపడితేగాని గడవని చోట, పిల్లను బడికి పంపలేదని తండ్రిని నిందించడము సులభమే. 2001లో సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించింది. 2003 నుండి మన బడులలో మధ్యాహ్న భోజనము వచ్చింది. నా అనుభవములో ఏ ఉపన్యాసము కంటెను ఆ అన్నపు గిన్నె ఎక్కువమంది పిల్లలను కూర్చోబెట్టింది.

ఇక భాష సంగతి. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో, షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. కోయ గూడెములో కోయ పంతులు! నూటికి నూరు రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. న్యాయసూత్రము పెద్దలకు తెలుసు. నాకు తెలిసినదల్లా, కోయ వచ్చిన పంతులయితే ఆనాడు నీళ్ళు ఇచ్చియుండేవాడు. 2004లో కోయతో సహా ఎనిమిది భాషలలో పాఠాలు చెప్పే ప్రయత్నము మొదలయింది. అది ప్రతి గూడేనికీ చేరియుంటే ఎంత మేలు!

ఛత్తీస్‌గఢ్ నుండి ప్రాణభయముతో వచ్చి మన అడవులలో గుడిసెలు వేసుకొన్న గొత్తికోయల పిల్లల విషయములో సంఘపు పెద్దలు ఒకటి తెలిసియుండాలి. పుట్టిన తేదీ కాగితము లేదని ఏ బడీ పిల్లను త్రిప్పి పంపరాదు. అదే చట్టము 14వ సెక్షను. టి.సి. ఆలస్యమైనా అంతే. చదువు మధ్యలో మానిన పిల్లను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. ఈ మాట హెడ్మాస్టరు గారితో మర్యాదగా చెప్పడానికి పాస్టరు గారు ఒక్కరు తోడువెళ్ళినా చాలును. చదువురాని తల్లి ఒంటరిగా ఆ గుమ్మము ఎక్కలేదు.

ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండాలనికూడ చట్టములో ఉన్నది, సగము స్త్రీలు. మా సంఘములో వేలిముద్ర వేసే ఒక సహోదరి అట్టి కమిటీలో కూర్చున్నది. మొదటి కూటములో ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "పిల్లలకు తాగే నీళ్ళు ఎక్కడ పెడుతున్నారయ్యా?"