తెగిన వేలికి మళ్లీ కదలిక

చెరకు పండించి బెల్లం వండే అనకాపల్లి ప్రాంతంలో కుటుంబాలు బతికేది చేతుల మీదనే. గానుగకు చెరకు అందిస్తుండగా వేళ్లు రోలర్ల మధ్య చిక్కి నలిగిపోవడం చెరకు సీమల వైద్యులకు తెలిసిన గాయమే కాగా, ఇదే జిల్లాలోని పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక వాడల్లో యంత్రాల దగ్గర పనిచేసేవారికీ అటువంటి ముప్పు ఉంది. ఈ గాయాలకు చికిత్స చేసే చేతి శస్త్రవైద్యుడు ఎంబీబీఎస్ తరువాత ఎముకల వైద్యంలోనో, ప్లాస్టిక్ సర్జరీలోనో పై చదువు ముగించి, ఆ పైన చేతికే పరిమితమైన ప్రత్యేక శిక్షణ పొందుతాడు.

ఇంత శిక్షణ ఎందుకంటే, మణికట్టుతో కలిపి 27 ఎముకలున్న చేతిలో వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో కాక ముంజేతిలో ఉండి, టెండన్లనే గట్టి తాళ్లతో వాటిని లాగుతాయి. అరచేతి మధ్య నుంచి వేలి నడిమి కణుపు దాకా బొటనవేలు తప్ప ఒక్కో వేలికి రెండేసి టెండన్లు ఇరుకైన గొట్టంలో జారుతుంటాయి కనుక, అక్కడ వేసిన కుట్టు మానుతూ చుట్టూ అతుక్కుపోతే వేలు వంగదు. ఆ భాగాన్ని అమెరికన్ వైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఎవరూ అడుగుపెట్టరాని చోటుగా భావించాడు. నేడు అక్కడా కుట్టగలుగుతున్నారు. అయితే కుట్టిన తరువాత ఫిజియోథెరపిస్టు వారాల తరబడి చేయించే వ్యాయామం లేకపోతే ఆ శ్రమ చాలావరకు వృథాయే. తెగిన నరం కుట్టాక రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది కాబట్టి, స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

చేతి శస్త్రవైద్యానికి దక్షిణ భారతం చేసిన సేవ అమూల్యమైనది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠువల్ల నరాలు దెబ్బతిని వంకర తిరిగిన వేళ్లకు, బాగున్న కండరపు టెండన్‌ను మళ్లించి కలిపి, రోగులు మళ్లీ పని చేసుకునేలా చేశారు. ఉత్తరాంధ్రలో సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి కూడా ఇటువంటి పునర్నిర్మాణ శస్త్రచికిత్సలకు పేరుపొందింది.

పూర్తిగా తెగిపోయిన వేలిని అతికించడం మరింత సూక్ష్మమైన విద్య. 1965లో జపాన్ వైద్యులు కోమత్సు, తమాయ్ తెగిన బొటనవేలిని మైక్రోస్కోపు సాయంతో అతికించి దారి చూపారు; సుమారు 1 మిల్లీమీటరు వెడల్పున్న రక్తనాళాలను వెంట్రుకకన్నా సన్నని దారంతో కలపవలసిన పని అది.

వైద్యుడి నేర్పు ఎంతటిదైనా, వేలు ఆయన దగ్గరికి ఏ స్థితిలో చేరిందన్నదే మొదటి ప్రశ్న. కనుక గానుగల దగ్గర, కర్మాగారాల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాలి: గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేతిని పైకెత్తి ఉంచాలి, తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచు నీళ్లలో పెట్టాలి, మంచుగడ్డ నేరుగా తగలనీయకూడదు, మైక్రోసర్జరీ సౌకర్యమున్న ఆసుపత్రికి ముందుగా ఫోన్ చేసి వెంటనే బయలుదేరాలి.