గరుకు పూతకు ఆయువు జిగురే

విమానవాహక నౌక మీద దిగే జెట్ విమానం తోక కొక్కెంతో ఉక్కు తాడును అందుకుని, సుమారు వంద మీటర్లలో, రెండు మూడు సెకన్లకే ఆగిపోతుంది. ఆ లాగుడుకు తాడు డెక్కును ఒరుసుకుంటూ పోతుంది. దానికి తోడు చక్రాల దెబ్బ, ఒలికిన నూనె, ఉప్పునీరు, ఎండ. ఇన్నింటినీ ఓర్చుకునేది కొద్ది మిల్లీమీటర్ల గరుకు పూత. 1911లో యూజీన్ ఈలీ ‘పెన్సిల్వేనియా’ యుద్ధనౌక మీద విమానం దించినది చెక్క వేదిక మీద. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన అమెరికా ఎసెక్స్ తరగతి నౌకల డెక్కు మీదా చెక్కే పరిచారు. 1945లో విధుల్లో చేరిన ‘మిడ్‌వే’కు ఉక్కు డెక్కు వచ్చింది. బలం దక్కింది కానీ, తడిసిన ఉక్కు మీద చక్రమూ నిలవదు, కాలూ నిలవదు. లేని పట్టును అతికించక తప్పలేదు. శాండ్‌పేపర్ మీద ఉండే అల్యూమినియం ఆక్సైడ్ రేణువుల్ని ఎపాక్సీ రెసిన్‌లో కలిపి, రోలర్‌తో చాళ్లుగా పరచడం వాడుకలోకి వచ్చింది.

రేణువు ఎంత గట్టిదైతే పూత అంతకాలం నిలుస్తుందని తోస్తుంది. కానీ రేణువు అరగకముందే దాన్ని పట్టిన జిగురు ఓడిపోవచ్చు. ఎపాక్సీలో సాధారణంగా ఉండే బెంజీన్ వలయాలు అతినీలలోహిత కిరణాల్ని పీల్చుకోవడంతో రెసిన్ సుద్దలా పొడిబారుతుంది. ఉక్కు మీద ఉప్పు మిగిలితే అది పూత కిందికి తేమను లాగుతుంది. తుప్పు ఉబ్బి పూత పెచ్చులుగా లేస్తుంది. ఊడిన రేణువు ఇంజిన్‌లోకి వెళితే బ్లేడ్లకే ముప్పు. అమెరికా నౌకాదళ పరిశోధనాలయం పాలీసిలోక్సేన్ జిగురు వైపు మళ్లింది కూడా ఎండకు తట్టుకునే సిలికాన్-ఆక్సిజన్ బంధం కోసమే.

ఉక్కులోనే గళ్లు పోస్తే సరిపోదా? గళ్ల అంచులు అరిగి నునుపెక్కితే రేకునే మార్చాలి. పూతనైతే గీకి మళ్లీ వేసుకోవచ్చు. అలాగని పూతలో మరీ కటువైన రేణువులు వేస్తే తాడూ టైర్లూ త్వరగా అరుగుతాయి. నిలువుగా దిగే ఎఫ్-35బి విమానం వదిలే వేడికి రెసిన్ తాళదు కనుక అక్కడ కరిగించిన లోహాన్ని పిచికారీ చేస్తున్నారు, జిగురు ప్రసక్తే లేదు కదా అనవచ్చు. ఆ లోహమూ అంటుకోవాలంటే ముందు ఉక్కును రాపిడితో శుభ్రంగా తోమి, గరుకు చేయాల్సిందే. కాబట్టి డెక్కు పూత ఎన్నాళ్లు ఉంటుందో తెలియాలంటే రేణువుల గట్టిదనం కన్నా, పూతకు ముందు ఉక్కు మీద మిగిలిన ఉప్పును ఎంత జాగ్రత్తగా కొలిచారో అడగడం మేలు.